ముసుగంచున ఇత్తడి గొట్టం

కురవి అవతలి తండాలో మోతీ చేతి కుట్టు లేని ఇల్లు లేదనేవారు. అద్దాలు, గవ్వలు, చెల్లని పైసలు, ఇత్తడి పూసలు, మెరిసేది ఏది కంటపడినా ఆమె సూది ఊరుకునేది కాదు. మొగుడు సేవ్యా నవ్వేవాడు. "నా పంటికి బంగారం లేకపాయె గని, ఉంటే నిద్రల పీకి బట్టకు కుట్టేటిది." ఆ ఇంట్లో ఇంకా నవ్వులుండిన రోజులవి.

కొడుకు ప్రేమ్‌సింగ్ జనగామ పత్తి మార్కెట్లో హమాలీ. సకల జనుల సమ్మె నడుస్తుండగా ఊరి బయట పెద్దరోడ్డు మీద రాస్తారోకోలో కూర్చున్నాడు. ఎవరో పెద్దమనిషి కార్లు వచ్చి ఆగాయి. జనం చుట్టుముట్టారు. పెద్దమనిషి గన్‌మన్ పిస్తోలు తీశాడు. మూడు చప్పుళ్లు. ఒక తూటా ప్రేమ్‌సింగ్ మెడలో ఒకవైపు దూరి ఇంకోవైపు వెళ్లిపోయింది. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. కాగితాల్లో మాత్రం తోపులాటలో రాళ్లు తగిలి హమాలీ మృతి అని రాశారు. పేరు కూడా రాయలేదు. కాల్పులే జరగలేదన్నారు. జరగని కాల్పులకు గన్‌మన్‌ను ఎవరు పిలిచి అడుగుతారు?

మూడోనాడు మోతీ ఒక్కతే జనగామకు పోయింది. కొడుకు చెప్పు ఒకటి దొరకలేదు, దాన్ని వెతకాలని. చెప్పు కనబడలేదు. రోడ్డు వార కంకరలో చిటికెనవేలి కొసంత ఇత్తడి గొట్టం కనబడింది. ఖాళీ తూటా. అక్కడ చాయ్ అమ్ముకునే యాకమ్మ దాన్ని చూసి చుట్టూ చూసింది.

"కడుమ రెండు గా సాయంత్రమే పోలీసోళ్లు ఏరుకపోయిన్రు. దాన్ని ఎవలకు చూపియ్యకు మోతక్కా. చూపినవా, ఇగ ఉండది."

మోతీ ఎవరికీ చూపలేదు. సేవ్యాకు కూడా. తలమీది ముసుగు అంచున, ఇత్తడి పూసల వరసలో దాన్ని ఇరికించి నాలుగు పేటల దారంతో కుట్టేసింది. పోలీసులు ఇల్లు వెతుకుతారు, వడ్ల గుమ్మి వెతుకుతారు. లంబాడి ఆడదాని ముసుగంచు తడిమి ఎవరు చూస్తారు?

కొన్ని వారాలకు ఢిల్లీ నుంచి కబురొచ్చింది. ఉద్యమంలో పోయినవాళ్ల తల్లులు చెప్పేది ఒక విచారణ కమిటీ వింటుందట. ముందుండి నడిపించింది సోమనర్సయ్య సారు. జనగామలో బడిపంతులు. వెంట కహ్కషాన్ అనే పడుచు వకీలు. అదే వారం రైల్‌రోకో. రైళ్లు ఆపింది వీళ్ల మనుషులే. తాము ఆపిన రైలు తాము ఎక్కలేరు గనక చందాలు పోగేసి విమానం టికెట్లు కొన్నారు. రైలే అయితే ఆ ముసుగు ఏ అడ్డూ లేకుండా ఢిల్లీ చేరేది.

"సాక్ష్యం ఏమన్న ఉన్నదా అమ్మా?" అని కహ్కషాన్ ముందే అడిగింది.

"ఉన్నది బిడ్డా. ఆడనే చూపిస్త."

ఫొటో ఏదో అయ్యుంటుందని ఆ పిల్ల ఊరుకుంది.

విమానాశ్రయంలో వాళ్లకంటే ముందు ఎవరో నాయకుడి గన్‌మన్ నిలబడ్డాడు. పిస్తోలు తీసి, ఖాళీ చేసి, తూటాలు వేరుగా లెక్కపెట్టి, లైసెన్సు కాగితం పెట్టి సంతకం చేశాడు. అన్నిటినీ పెట్టెలో పెట్టి సీలు వేసి లోపలికి తీసుకుపోయారు. మోతీ కళ్లార్పకుండా చూసింది.

తర్వాత ఆమె వంతు. తనిఖీ చేసే ఆడమనిషి చేతికర్ర ఎక్కడ పెట్టినా కుయ్యిమంది. పైసల దగ్గర కుయ్యి, గాజుల దగ్గర కుయ్యి.

"ఏందమ్మా, ఇత్తడి దుకాణం మొత్తం కట్టుకొచ్చినవా?"

"మా అవ్వ కట్టింది, నేను కట్టిన. నీకేం బరువైతున్నదే?"

ఆ మనిషి నవ్వి, ముసుగు తీసి ట్రేలో పెట్టమంది. పరాయి మగవాళ్ల ముందు ముసుగు తీయడం మోతీ ఎరగదు. కహ్కషాన్ తన దుపట్టా తీసి ఆమె తలమీద కప్పింది. ముసుగు మిషన్లోకి పోయింది. తెర ముందు కూర్చున్నవాడు దాన్ని వెనక్కి తెప్పించాడు. మళ్లీ పంపాడు. లేచి అధికారిని పిలిచాడు. అతను పూసల మధ్య గొట్టాన్ని పట్టుకోగానే అది ఎక్కడ దొరికిందో మోతీ చెప్పేసింది.

సోమనర్సయ్య సారుకు కోపమొచ్చింది. "గన్‌మన్ పిస్తోలు నిండు తూటాలతోని పాయె. గరీబు తల్లి దగ్గర ఖాళీ గొట్టం పోవద్దా?"

అధికారి చెడ్డవాడేం కాదు. చాలా ఏళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నట్టుంది, తెలుగు నేర్చుకున్నాడు. "ఆ పిస్తోలు కింద సామాన్లలో పోతుంది సార్. మనుషుల దగ్గరికి రాదు. కాగితం లేనిది ఏదీ పైకి ఎక్కనివ్వం. మొన్న లైసెన్సు ఉన్న ఆయనే సంచిలో ఒక తూటా మరిచి తెచ్చాడు, ఆయన్నీ ఆపాం. ఇవాళ ఖాళీది పోనిస్తే రేపు ఇంకొకడు నిండుది తెచ్చి ఖాళీదే అంటాడు. అంత ఎత్తున ఒకటి పేలిందంటే జనానికి పరుగెత్తే దారుండదు."

"దారున్న రోడ్డు మీదనే మావోడు ఉరుకలేకపాయె సారూ," అంది మోతీ. "నువ్వు చెప్పేది నిజమే. గని గిది పేలేది కాదు. పేలింది."

అధికారి తల దించుకున్నాడు. రూలు మాత్రం దించలేదు. విమానం వెళ్లే వేళైంది. మిగతా తల్లులను తీసుకుని సోమనర్సయ్య సారు వెళ్లిపోయాడు. కహ్కషాన్ ఉండిపోయింది.

పోలీస్ స్టేషన్లో ఎస్సై కుర్చీ వేయించాడు. నీళ్లిచ్చాడు. ఒక కాగితం రాసి ముందుకు జరిపాడు. "'నాకు తెలియకుండా పూసల్లో ఉండిపోయింది' అని రాసిన. వేలిముద్ర వెయ్యమ్మా. కేసు లేదు ఏం లేదు, ఇంటికి పో."

"నాకు తెలిసే ఉన్నది. నేనే కుట్టిన. నా కొడుకు ప్రేమ్‌సింగ్ పడ్డ కాడ దొరికిందని రాయి."

"గట్ల రాస్తే కేసైతది. జైలుకు పోతవు."

మోతీ కహ్కషాన్ వైపు చూసింది. "గిందుల వేలేస్తే వాని పేరు ఉంటదా?"

కహ్కషాన్ ఆ కాగితం ఒకసారి చదివింది. అబద్ధం చెప్పడం ఇంకా రాని వకీలు. "వేలేస్తే పేరు ఉండదమ్మా. తూటా కూడ పోతది. కేసైతే రెండూ ఫైలుల ఉంటయి. గని ముద్దాయివి నువ్వైతవు."

"కేసు రాయి సారూ."

మూడు రోజులు జైల్లో ఉంది. బెయిలు మీద వచ్చాక సేవ్యా ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు. చెప్పలేదన్న బాధ. తర్వాత తనే మానుకోట స్టేషన్ దాకా వచ్చి వాయిదాలకు పట్నం రైలెక్కించేవాడు. జనగామలో కహ్కషాన్ ఎక్కేది. మూడేళ్లు అట్లా తిరిగారు. ఈ దేశంలో ఒకడు తూటాకు చచ్చాడని కాగితం మీద ఉండాలంటే ఇంకొకరు నేరస్తులు కావాలి. ప్రేమ్‌సింగ్ పేరున్న సర్కారు కాగితం ఆ ఒక్క ఛార్జిషీటే.

ఆ గొట్టం ఫలానా రకం పిస్తోలులోంచి పేలిన తూటాదేనని నిపుణుల రిపోర్టు వచ్చింది. కహ్కషాన్ ఇంకో అర్జీ వేసింది. ఆ రోజు కార్లలో ఉన్న గన్‌మన్ పిస్తోలు తెప్పించి, ఈ తూటాతో పోల్చి చూడాలని. విచారణకు తేదీ కూడా పడింది.

ఈలోగా రాష్ట్రం వచ్చింది. తండాలో డప్పులు మోగాయి, మోతీ కూడా నిలబడి చూసింది. ఉద్యమంలో పెట్టిన కేసులు ఎత్తేస్తామన్నారు. జాబితాలు తయారయ్యాయి. సోమనర్సయ్య సారు ప్రేమకొద్దీ మోతీ పేరు తన చేత్తోనే రాశాడు. అడగాలని ఆయనకు తోచలేదు. కేసు ఉండాలని ఏ ముద్దాయి అంటుంది?

అర్జీ విచారణ రోజున కోర్టుకు పోతే, కేసే లేదన్నారు. వరండాలో సోమనర్సయ్య సారు మిఠాయి డబ్బాతో ఎదురొచ్చాడు.

"ఇగ నీకు తిప్పలు లేవు మోతక్కా. కేసు పోయింది."

కహ్కషాన్ ఆయన మొహం చూడలేక గోడవైపు తిరిగింది. ఆయన చెయ్యి చాచే ఉన్నాడని మోతీ ఒక పేడా తీసుకుంది. తినలేదు.

"గన్‌మన్ పిస్తోలు తెప్పియ్యరా ఇగ?"

"తెప్పియ్యరమ్మా," అంది కహ్కషాన్. "ఫైలు మూసేసిన్రు."

"తూటా నాకిస్తరా?"

"ఇయ్యరు. గసుంటియి పగలగొడ్తరు. రూలు."

సోమనర్సయ్య సారుకు అప్పుడు అర్థమైంది. డబ్బా మూత పెట్టబోయాడు, పడలేదు. పక్కనున్న బల్లమీద కూర్చుండిపోయాడు. మోతీ పేడాను ఆయన పక్కన బల్లమీద పెట్టింది. కోర్టు గుమస్తా దగ్గరికి నడిచిపోయింది.

"సారూ, దాన్ని ఏ రోజు పగలగొడ్తరు?"

"నీకెందుకమ్మా? నువ్వు ఇంక రానక్కర్లేదు."

"వస్త. మావోని శవం తీసుకపోయిన నాడు నన్ను దగ్గరికి రానియ్యలే. దీన్ని పగలగొట్టేనాడన్న ఉంట."

గుమస్తా రిజిస్టరులో వెతికాడు. తేదీ ఇంకా వేయలేదన్నాడు. మోతీ వరండాలో అరుగు మీద కూర్చుంది, తేదీ వేసేదాకా కదలనని.