హీటర్ ఆపేసిన ప్రభుదాసన్న

నిన్న మధ్యాహ్నం మా ప్లాంట్ గ్రూప్‌లో మెసేజ్. ప్రభుదాసన్న ఇక లేరని.

నమ్మలేదు. మొన్న సాయంత్రం గేటు దగ్గర నన్ను ఆటపట్టించిన మనిషి. వెంటనే ఆయన నంబర్‌కే ఫోన్ చేశాను. వాళ్లబ్బాయి ఎత్తాడు. హార్ట్ ఎటాక్ అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ముత్తుకూరు దగ్గర మా మురుగునీటి ప్లాంట్‌కి అన్న ఇన్‌చార్జ్. నేను అక్కడే ల్యాబ్‌లో పనిచేస్తాను.

నీళ్లు శుభ్రం చేశాక మిగిలే బురదను మూత ఉన్న ఒక పెద్ద ట్యాంకులో పులియబెడతాం. దాన్నుంచి గ్యాస్ వస్తుంది. అన్నకి ఆ ట్యాంక్ అంటే ప్రాణం. వస్తూ పోతూ పాడిగేదెను తట్టినట్టు దాన్ని తట్టేవారు.

కాకపోతే అది కరెంట్ తెగ తాగేది. లోపల బురదను పులియబెట్టే బ్యాక్టీరియాకి వెచ్చగా ఉండాలని ఎలక్ట్రిక్ హీటర్ ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. ట్యాంక్ మూసేసి బురదను పచ్చిగానే లారీల్లో పంపేయమంది హెడ్ ఆఫీస్. కరెంట్ తగ్గించి చూపిస్తాను, కొంచెం టైమ్ ఇవ్వండని అన్న బతిమాలుకున్నారు. ఎలా తగ్గించాలో మాత్రం ఆయనకీ తెలియదు.

అంతలో నిండు మే నెలలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. జనరేటర్ పంపులకే సరిపోయింది. హీటర్ ఆగిపోయింది.

ఇక బ్యాక్టీరియా చచ్చినట్టే, ట్యాంక్ పోయినట్టే అనుకున్నాం. ఏ కష్టమొచ్చినా ముందు ప్రార్థన చేయడం అన్నకు అలవాటు. అందరినీ ట్యాంక్ చుట్టూ నిలబెట్టారు. కంటికి కనిపించని ఈ చిన్న జీవుల్ని చలినుంచి కాపాడమని మొదలుపెట్టారు. మేం చెమటలు కక్కుతూ తలలు వంచుకుని నిలబడ్డాం.

మధ్యలో అన్న ఆగిపోయారు.

కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నారు. ట్యాంక్ గోడ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీసేశారు.

"ఇంత ఎండ పెట్టుకొని దీనికి హీటర్ ఎందుకు పెట్టినామబ్బా మనం?"

ఎందుకంటే ట్యాంక్‌తో పాటు వచ్చిన మాన్యువల్‌లో అలా ఉంది. అది రాసినవాళ్ల దేశంలో మంచు కురుస్తుందట. నెల్లూరు ఎండలో కూర్చుని మేం దాన్ని తు.చ. తప్పకుండా పాటించాం, అన్నతో సహా.

కరెంట్ వచ్చింది. అన్న హీటర్ వేయనివ్వలేదు. రోజూ గ్యాస్ చెక్ చేసేది నేనే, ఏమీ తగ్గలేదు. చల్లటి నెలల్లో ఆ గ్యాస్‌తోనే నీళ్లు కాచి ట్యాంక్‌ని వెచ్చగా ఉంచాం. మూసేయాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆమెన్ అనకముందే జవాబొచ్చిన ప్రార్థన అని అన్న చర్చిలో అందరికీ చెప్పుకుని నవ్వేవారు.

తర్వాత మిగిలిన గ్యాస్‌తో షెడ్‌లో స్టవ్ పెట్టించి టీ కాయడం మొదలుపెట్టారు. బురద గ్యాస్‌తో టీనా అని మొదట్లో ఎవరూ ముట్టలేదు. ఒక్కొక్కరే లొంగిపోయారు, నేను తప్ప.

"ఏం పాపా, ఈరోజన్నా తాగతావా?" అని రోజూ అడిగేవారు. నేను ఇంటినుంచి తెచ్చుకున్న ఫ్లాస్క్ ఎత్తి చూపించేదాన్ని. మొన్న గేటు దగ్గరా అదే ప్రశ్న. "రేపు చూద్దాంలే అన్నా" అన్నాను.

చాలా బాధగా ఉంది. కానీ అన్నని తలుచుకుంటే ముందు నవ్వే వస్తోంది, ఏం చేయను?

ఈ ఉదయం షెడ్‌లో మావాళ్లు ఆ స్టవ్ మీదే టీ పెట్టారు. రెండు గ్లాసులు తాగాను. చాలా బాగుందన్నా, చక్కెరే కాస్త ఎక్కువ.

ఈరోజు ఫ్లాస్క్ తీసుకురాలేదు.

వెళ్లిరండి అన్నా. మీ ప్రభువు దగ్గర మీకు శాంతి దొరకాలి. ట్యాంక్ వెచ్చగానే ఉంది, మేం చూసుకుంటాం.