హరిదళం అంగీ

థెస్సలోనికి రేవు వెనక సందులో కాపురముండే అంతూసాకు రంగులు నూరడం తప్ప వేరే పని సరిగ్గా రాదు. వంట కూడా అంతంత మాత్రమే. ఆమె చేతి చేపల పులుసు తిని పంక్రాతి ఇన్నేళ్ళు బతికాడంటే అది అతడి గట్టితనం. కానీ రాతి ముందు కూర్చుందంటే మాత్రం ఊళ్ళో ఎవరూ ఆమెకు సాటి రారు. మొగుడు పంక్రాతి గుడి గోడల మీద పునీతుల బొమ్మలు వేసేవాడు. ఆ పునీతుల ముఖాలు అతడివి, కట్టుబట్టలు ఆవిడవి అని సందులోవాళ్ళు వేళాకోళమాడేవారు.

అసలు ఆమె బతికి ఉండడమే ఒక గోడ పుణ్యం. ఆమె చిన్నతనంలో, బొమ్మలకు దండం పెట్టినవాళ్ళను చెరసాలలో వేసే చక్రవర్తుల రోజుల్లో, రేవు గుడిలోని పునీత దామియన్ బొమ్మ మీద సున్నం కొట్టించారు. దామియన్ వైద్యుల పునీతుడు. ఆ ఏడే అంతూసాకు జ్వరం తగిలి మూసిన కన్ను తెరవలేదు. తల్లి గుడికి పోయి, సున్నం కింద ఆయన చెయ్యి ఎక్కడుండాలో గుర్తుపట్టి, అక్కడ గోటితో గీకి, ఆ పొడి నీళ్ళలో కలిపి తాగించింది. పిల్ల లేచి కూర్చుంది. తర్వాత చక్రవర్తులు మారారు, సున్నం గీకించారు, పునీతుడు బయటపడ్డాడు. రోగం వస్తే ఆ గోడ గీకి తాగడం ఊరికి అలవాటైంది. తల్లుల గోళ్ళకు ఆయన మోకాళ్ళ దాకా అరిగిపోయాడు. దాన్నెవరూ తప్పుపట్టలేదు, ఇవ్వడానికే కదా ఆయన అక్కడ నిలబడింది.

కిందటేడు ఒక కొవ్వొత్తుల వర్తకుడు ఆ అరిగిన గోడకు కొత్త బొమ్మ వేయించాడు. అంగీ బంగారంలా మెరవాలన్నాడు. బంగారు రేకు మాటెత్తేసరికి మాత్రం ఆయనకు దగ్గు వచ్చింది. అందుకని పంక్రాతి హరిదళం తెప్పించాడు, నూరితే బంగారంలా మెరిసే పసుపు రాయి.

పాత బొమ్మలో ఉన్నవన్నీ మట్టి రంగులు. గీకి తాగితే మన్ను తిన్నట్టే, పోయేదేమీ లేదు. హరిదళం పాషాణం జాతి. స్నానశాలలో ఆడవాళ్ళు రోమాలు ఊడడానికి సున్నంతో కలిపి రాసుకునేది అదే, ఎలుక కన్నాల్లో పెట్టేదీ అదే. అంతూసా ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకుని నూరింది. నూరినన్నాళ్ళూ కోళ్ళను గంప కిందనుంచి వదల్లేదు. అంత జాగ్రత్త గల మనిషికి ఆ అంగీని కూడా రేపు గోళ్ళతో గీకుతారన్న ఊహే రాలేదు. గోడ మీద ధగధగలాడుతున్న తన పసుపును చూసుకుని మురిసిపోయింది.

వేసవిలో బురదనేలల వైపు నుంచి జ్వరాలు వచ్చాయి. ముందు కుమ్మరివాళ్ళ పిల్ల పోయింది. జ్వరమే అనుకుంది అంతూసా. ఆ తర్వాత వలలల్లే వితంతువు మెలనియా కొడుకు పోయాడు. వాడికి జ్వరం దిగిపోయిందట, పునీతుడి పొడి తాగించాక వాంతులు పట్టుకున్నాయట. ఆ మాట చెవిన పడగానే అంతూసా గుడికి పరుగెత్తింది. అంగీ అంచున పసుపు పోయి తెల్లని గచ్చు కనిపిస్తోంది.

పాడె లేచినప్పుడల్లా ఆ తెలుపు కొంచెం కొంచెం పైకి పాకింది. పునీతుడు అలిగాడన్నారు. పొడి చాల్లేదన్నారు. ఇంకా గీకారు. చేతికందినంత మేరా అయిపోయాక, ఎవరో ముక్కాలిపీట తెచ్చి గోడ కింద వేశారు. ఆ పీటను చూసి అంతూసా ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. పంక్రాతి కుంచెలు కడుగుతూనే విన్నాడు. "నోరు మూసుకోవే," అన్నాడు. "పునీతుడికి విషం పూశామని మనంతట మనమే చెప్పుకుంటే ఈ ఊళ్ళో బతకనిస్తారా?"

అప్పుడామె గుడి అయ్యగారు నికితా దగ్గరకు పోయింది. ఆయన చెడ్డవాడు కాదు, అడ్డురాకుండా అంతా విన్నాడు.

"నీ చిన్నప్పుడు నిన్ను బతికించిందెవరమ్మా?" అని అడిగాడు.

"ఆయనేనండీ."

"మరి ఆ చేత్తోనే ఇప్పుడు పసిపిల్లల్ని చంపుతున్నాడంటావా?"

హరిదళం సంగతి ఆమెకు తెలుసు, పునీతుడి సంగతీ తెలుసు. రెండూ నిజమే. ఆ రెండు నిజాల మధ్య నలిగి, రంగు నూరే రాయి ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

అంతలో కూతురు యూఫేమియా కొడుక్కి ఒళ్ళు కాలింది. ఒక్కగానొక్క మనవడు, లియోంతి. ఇంకా మాటలు సరిగా రాని వయసు. రేపు ప్రార్థన అయ్యాక పొడి తెచ్చి తాగిస్తానంది యూఫేమియా. అంతూసా ఉన్నదున్నట్టు చెప్పి, కూతురి గడ్డం పట్టుకుని బతిమాలింది. యూఫేమియా ఆ చెయ్యి తీసేసింది.

"నీకు మీ అమ్మ తాగించలేదా? నువ్వు బతకలేదా? నా కొడుకు దగ్గరికొచ్చేసరికి విషమైపోయిందా అమ్మా?"

ఇక మాటలతో పని కాదని అంతూసాకు అర్థమైంది. మర్నాడు ప్రార్థనకు పిలిచే చెక్క మోగకముందే, వెలుగు రేఖలు విచ్చుకుంటుండగా గుడికి వెళ్ళింది. గోడ కింద గోనె పరిచి, ఆ ముక్కాలిపీటే ఎక్కి, ఎండిన రంగు గీకే ఇనుప బద్ద తీసింది. రాలినదంతా మూట కట్టి సముద్రంలో కలపాలని ఆమె ఆలోచన.

"అయ్యా, నీ అంగీ నేనే తొడిగాను, నేనే విప్పుతున్నాను," అంది పునీతుడితో. "కోపమొస్తే నామీద చూపించు. పసివాడి జోలికి పోకు."

భుజాల మీది పసుపు, రొమ్ము మీది పసుపు, చేతుల మడతల్లోది, అంతా గోనె మీద రాలింది. ఆఖరి ముక్క గీకుతుండగా చెక్క మోగింది. ఆ వెంటనే తలుపులు తెరుచుకున్నాయి.

ఒంటి మీద బట్ట లేని పునీతుణ్ణీ, ఆమె చేతిలో ఇనుప బద్దనూ జనం చూశారు. ఇక చెప్పేదేముంది? మెలనియా అందరికంటే ముందుకు వచ్చింది. "బొమ్మలు చెరిపేవాళ్ళ పీడ విరగడైందనుకున్నాం," అంది, గొంతు పెంచకుండానే. "మన సందులోనే ఒకత్తి మిగిలిందన్నమాట. నా కొడుకుని పొట్టనబెట్టుకుంది దీని పాపమే." జనం అంతూసాను పీట మీంచి లాగి పడేశారు. గడపలో నిలబడ్డ పంక్రాతి తల పక్కకు తిప్పుకున్నాడు.

అంతూసా దెబ్బలకు ఏడవలేదు. ఆమె చూపంతా గోనె మీదే ఉంది. పునీతుడి అంగీ నేలపాలు కాకూడదని ఆడవాళ్ళు దాని చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. చిటికెడు కూడా వదలకుండా తలగుడ్డల్లోకి ఎత్తుకుంటున్నారు. ఇంటింటికీ అందేలా సర్దమని నికితా అయ్యగారు కన్నీళ్ళు తుడుచుకుంటూ చెబుతున్నాడు. ఇన్నాళ్ళూ గోటికి ఎంత వస్తే అంతే దొరికేది. ఇప్పుడు గుప్పెళ్ళు.

వాళ్ళలో యూఫేమియా కూడా ఉంది. తన వంతు మూట కట్టుకుని లేచింది. ఇద్దరు మగవాళ్ళు రెక్కలు విరిచి పట్టుకున్న తల్లి దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"యూఫేమియా, అది పారెయ్యి తల్లీ," అంది అంతూసా.

సిగ్గుతో కూతురు ఆమె ముఖంలోకి చూడలేదు. అయినా తల్లి కదా, ఒక్క మంచిమాటైనా చెప్పి పోవాలనుకుంది.

"తెల్లారేసరికి వాడికి జ్వరం తగ్గిపోయిందమ్మా. గంజి కావాలని ఏడ్చాడు," అంది. "మళ్ళీ తిరగబెట్టకుండా ఇది తాగిస్తాను."