పప్పుకు పోసిన నీళ్లు

లక్ష్మీనర్సమ్మకు నీళ్ల మీద ఉన్నంత పగ మనుషుల మీద లేదు. ఆమె మొగుడు ఐలేశాన్ని పొట్టన పెట్టుకున్నవి నీళ్లే. పానగల్ అవతలి పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, ఫ్లోరైడు ఉన్న బోరింగు నీళ్లు తాగి తాగి నడివయసుకే నడుము వంగిపోయింది. మెడ తిరిగేది కాదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. చివరి రోజుల్లో మంచం మీద పక్కకు ఒత్తిగిలాలన్నా ఆమె చెయ్యి వెయ్యాల్సిందే. ఆయన పోయాక, ఆ నీళ్లు మళ్లీ నోట్లో పోసుకోనని ఒట్టు పెట్టుకుని నల్లగొండకు వచ్చేసింది. ఒక కిరాయి గది, ఒక పొయ్యి, సాయంత్రమైతే బస్టాండు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్మడం. అదీ ఆమె బతుకు.

కొడుకూ కోడలూ నార్కట్‌పల్లి దగ్గర హైవే హోటల్లో పనికి కుదిరి, అప్పుడే నడక నేర్చిన బిడ్డను ఆమె దగ్గర వదిలారు. ఆ పిల్ల పేరు స్నేహలత.

"మీ తాతకు పట్టిన గతి నీకు పట్టనియ్య బిడ్డా" అని మనవరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పింది లక్ష్మీనర్సమ్మ. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆమె చెయ్యని పని లేదు. అసలు బాధంతా అదే.

గదికి నల్లా ఉంది. తెలంగాణ వచ్చాక వేసిన కొత్త పైపుల్లో కృష్ణ నీళ్లు వచ్చేవి. కాని ఆ నీళ్లు ఆమెకు నచ్చలేదు. బ్లీచింగు వాసన కొట్టేవి. వానాకాలంలో ఒకరోజు ఎర్రగా కూడా వచ్చాయి. తాగితే దూప తీరడం లేదని ఆమె తేల్చేసింది. వంటకు, తానానికి, బట్టలకు నల్లా నీళ్లు. తాగడానికి మాత్రం ఫిల్టర్ నీళ్ల డబ్బా.

డబ్బా తెచ్చేది ఆమె చిన్నాయన కొడుకు లింగస్వామి దగ్గర నుంచి. అదే వీధిలో ఇంటి ముందుగదిలోనే మిషన్ పెట్టి నీళ్లమ్మేవాడు.

"జర గూడ ఫికర్ వెట్టుకోకు అక్కా. మిషిన్ల కడిగి ఇస్తున్న నీళ్లు" అనేవాడు.

ఆ నీళ్లు ఒక గుటక వెయ్యగానే లక్ష్మీనర్సమ్మ మొహం విప్పారింది. తియ్యగా, ఊళ్లో తాగినట్టే ఉన్నాయి. "నీళ్లంటే గిట్లుండాలె" అంది. ఒట్టు పెట్టుకుని వదిలి వచ్చిన నీళ్ల రుచి మళ్లీ నాలుక మీదికొస్తే ఎవరైనా ఉలిక్కిపడాలి. ఈ పిచ్చితల్లి సంబరపడింది. అలవాటైన రుచిని మంచి రుచి అనుకోవడం మనిషికి ఎంత తేలికో.

రొట్టెలు అమ్ముడుపోని రోజు ఆమె కారం మెతుకులతో సరిపెట్టుకునేది గాని డబ్బా మానేది కాదు. పక్కింటి జీనత్ ఆటపట్టించేది.

"మా ఇంట్ల అందరం నల్లా నీళ్లే తాగుతున్నం నర్సమ్మత్తా. మీ మనుమరాలేమన్న నవాబు బిడ్డనా?"

"నవాబు బిడ్డనే అనుకో" అనేది లక్ష్మీనర్సమ్మ, గర్వంగా.

స్నేహలతకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. వాటి మీద మొదట సున్నపు మచ్చలు కనబడ్డాయి, తర్వాత పసుపు గీతలు తేలాయి. పిల్ల సరిగా తోముకోవడం లేదని లక్ష్మీనర్సమ్మ అనుకుంది. మెడ ఒడిసిపట్టి, ఉప్పు వేసి, చిగుళ్లు నెత్తురొచ్చేదాకా తనే తోమేది. "చాక్లెట్లు తిని పండుకుంటవు, గందుకే గిట్లయితున్నయి" అని వీపు మీద ఒక్కటి వేసేది కూడా. నీళ్లు తాగే స్టీలు గ్లాసులో తెల్లటి చార కడితే దాన్నీ చింతపండుతో తోమేసేది. గ్లాసు చారకు, పిల్ల పళ్లకు మధ్య ఉన్న చుట్టరికం ఆమెకు తట్టలేదు.

ఒక ఎండాకాలం పెద్ద పైపు పగిలి వీధికంతా నల్లా బంద్ అయింది. పిల్ల ముద్దపప్పు కావాలని మారాం చేస్తే, లక్ష్మీనర్సమ్మ మొట్టమొదటిసారి డబ్బా నీళ్లు వంటకు వాడింది. పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతూనే ఉంది గాని మెత్తబడలేదు. పప్పుగుత్తితో నొక్కితే గింజ పక్కకు జారిపోతోంది. ముందటి వారం అదే పొట్లంలోని పప్పు నల్లా నీళ్లలో వెన్నలా ఉడికింది.

ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాపురానికి వెళ్లినప్పటి నుంచి బోరింగు నీళ్లలో ఉడకని పప్పుతో కుస్తీ పట్టిన చెయ్యి అది. డబ్బా వైపు చూసింది. గడపలో కూర్చున్న పిల్ల నోటి వైపు చూసింది.

గిన్నె పట్టుకుని నేరుగా లింగస్వామి ఇంటికి వెళ్లింది. మిషన్ మీద దుమ్ముపట్టిన దుప్పటి కప్పి ఉంది. బోరు పైపులోంచి నీళ్లు తిన్నగా డబ్బాల్లోకే పారుతున్నాయి. వెనక వాకిట్లో అతని భార్య సుక్కమ్మ ప్లాస్టిక్ డ్రమ్ములోంచి నీళ్లు ముంచి బిందెలోకి వడగడుతోంది.

"రా వదినె. పట్టి వెట్టుకున్న నల్లా నీళ్లు తాగుతానికే సరిపోయెటట్టు లెవ్వు. మల్ల ఎప్పుడొస్తయో ఏమో" అంది సుక్కమ్మ, ఏమీ తెలియని మనిషిలా.

లక్ష్మీనర్సమ్మ లింగస్వామి వైపు తిరిగింది. "మీరు డబ్బా నీళ్లు తాగరా తమ్మీ?"

అతను తల వంచుకున్నాడు. "పిల్లలున్న ఇల్లు గదక్కా."

"మరి నా ఇంట్ల ఉన్నది ఏంది?"

"మిషిన్ ఖరాబై శానా రోజులైంది. బాగు చేపిద్దమనే ఉన్న. అయినా నువ్వు గూడ రుచి బాగుందనే తీస్కపోతివి గద."

ఆ మాటతో ఆమెకు అతని మీద కంటే తన మీద ఎక్కువ అసహ్యం పుట్టింది. ఉడకని పప్పును ఆ మిషన్ ముందు బోర్లించి వచ్చేసింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. మంచినీళ్లన్నీ పప్పుకు పోసింది. కడుపు మాడ్చుకుని కొన్నవి పిల్లకు పోసింది. చేసిందంతా ప్రేమతోనే చేసింది.

నల్లా వచ్చిన రోజు గ్లాసు నిండా పట్టి స్నేహలతకు ఇచ్చింది. పిల్ల ఒక గుక్క తాగి తుపుక్కున ఉమ్మేసింది.

"మందు వాసనొస్తాంది అవ్వా. నాకు డబ్బా నీళ్లే కావాలె."

"గవి మంచియి కావు బిడ్డా. గివే తాగాలె."

"గివి పప్పుకు పోసే నీళ్లని నువ్వే చెప్పినవు గద" అంది స్నేహలత, మాట్లాడేటప్పుడు ఎప్పుడూ చేసేలాగే పళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని.