రాని ఉద్యోగానికి చెప్పిన సాక్ష్యం

ఒక ఆదివారం చౌటుప్పల్‌లోని మా చిన్న ప్రార్థన మందిరంలో సాక్ష్యాల వేళ లేచి నిలబడి, నాకు ఉద్యోగం ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఉద్యోగం రాలేదు.

కరోనా వచ్చిన ఏడాది మా పత్రిక జిల్లా పేజీలు తగ్గించింది. ఎన్నో ఏళ్లు చేసిన డెస్కు ఉద్యోగం పోయింది. భార్య అంతకు ముందే చనిపోయింది, పిల్లలు లేరు. మా మందిరం ఆడవాళ్లు వంటకు బియ్యం తీసేటప్పుడు రోజూ ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి ఒకే బస్తాలో పోస్తారు. అవి ఇబ్బందిలో ఉన్న ఇంటికి వెళతాయి. అప్పట్లో నా ఇంటికి వచ్చేవి. సోమవారం పొద్దున పక్క వీధి అవ్వ స్టీలు క్యానులో తెచ్చేది. సన్నవి, దొడ్డువి, రేషన్‌వి అన్నీ కలిసి ఉండటంతో, వండితే కొన్ని మెత్తబడిపోయినా కొన్ని పలుకుగానే మిగిలేవి. అవ్వ గడప దగ్గర కూర్చుని వీధి సంగతులు చెప్పేది. వారం మొత్తంలో నాతో ఎవరైనా అంతసేపు మాట్లాడేది ఆ ఒక్క పూటే.

హైదరాబాద్‌లో ఒక ఆఫీసువాళ్లు ఉద్యోగం సంగతి ఫోన్ చేసి చెబుతామన్నారు. అందకముందే అందినట్టు కృతజ్ఞత చెప్పడమే విశ్వాసమని పాస్టరు బోధించారు. రూఢి చేసుకోకుండా ఒక్క వార్తనూ పేజీలోకి పోనివ్వని నేను ఆ మాట పట్టుకుని లేచాను. నమ్మే లేచాను.

బయటికి రాగానే ఒకాయన భుజం తట్టాడు. “ఏం బ్రదర్, స్వీట్లెప్పుడు?”

“ఇగ గీయనే మనకు వెట్టాలె,” అంది అవ్వ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి సోమవారం ఆమె రాలేదు. బియ్యం భర్త పోయిన ఒకామె ఇంటికి వెళ్లాయి; న్యాయమే. ఆకలి కంటే ముందు ఇంట్లోని నిశ్శబ్దమే నాకు కష్టమైంది. కంపెనీ బస్సులు మనుషుల్ని ఎక్కించుకుని పోయాక వీధిలో పలకరించే దిక్కుండేది కాదు. నాలుగో సోమవారం నేనే అవ్వ ఇంటికి వెళ్లి నిజం చెప్పాను.

“నాకెర్కే బిడ్డా,” అంది ఆమె, చాటలో రాళ్లు ఏరుతూ. “నౌకరికి పోయెటోడు పొద్దుగాల పదింటిదాంక గడపల కూసుంటడా?”

“మరి రాకపోతివేందవ్వా?”

“దేవుడిచ్చిండని మందిల జెప్పినవ్. ఇయ్యలేదని నేనెట్లంట? గది నువ్వే జెప్పాలె.” లేచి కంచంలో అన్నం పెట్టింది. “తిను. గిది నా ఇంట్లది, మందిరంది గాదు.”

కొన్నాళ్లకు తహసీల్ ఆఫీసు ఎదుట జిరాక్స్ షాపులో భూమి అర్జీలు రాసే పని దొరికింది. మందిరంలో అందరూ నేను చెప్పిన ఉద్యోగం ఇదేననుకున్నారు. ఇదే కావచ్చని నేనూ కొన్నిసార్లు అనుకుంటాను. నేను అడిగింది మాత్రం ఇది కాదు. హైదరాబాద్ నుంచి ఫోన్ రాలేదు.

సాక్ష్యాల వేళ అవ్వ ఇప్పటికీ ఆడవాళ్ల వైపు నుంచి తల తిప్పి నన్ను చూస్తుంది. నేనింకా లేవలేదు.