అమ్మ తోమిన గిన్నెలు

మొన్న జూబ్లీహిల్స్‌ల ఒక పెద్ద హాల్‌ల మా వదినను స్టేజీ ఎక్కిచ్చిన్రు. బిజినెస్ పెట్టాలనుకునే పిల్లలకు నాలుగు ముచ్చట్లు చెప్పాలె, గదీ పని. ఎనక వరుసల నేను కూసున్న. ‘మేడమ్, అందరిలా కాకుండా ఆలోచించారు కదా, మీ మైండ్‌సెట్ ఏంటి?’ అని యాంకరమ్మ అడిగింది. మా వదిన ‘కష్టపడ్డ, దేవుడు చూసిండు’ అని మైకు తిరిగిచ్చేసింది. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. నాకైతె ఒళ్లు మండింది. గింతసేపు కూసున్నది గీ ఒక్క మాట కోసమా? అసలు సంగతి ఆమె ఎన్నడు చెప్పదు. నేను చెప్త. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటరు గదా, గాపాటి హక్కు నాకున్నది.

కొన్నేండ్ల కింద వదిన ఫిలింనగర్‌ల ఒక సినిమా ఆఫీసుల అకౌంట్స్ చూస్తుండె. ఆడ ఆమెకు ఒక వింత కనవడ్డది. పేదింటి సీన్ ఉంటె కొత్త అంగీలు కొనుక్కొస్తరు. వాటిని బండకేసి రాకి, టీ నీళ్లల్ల నానవెట్టి పాతగ చేస్తరు. కొత్త గిన్నెలకు నల్లరంగు పూస్తరు. ‘పాతది కావాలంటె పాతదే తేవొచ్చు గదా’ అని ఇంటికొచ్చి నాతోటి అన్నది. నేను నవ్విన. ఆమె నవ్వలే. కొలువు ఇడిసిపెట్టి, పాత సామాను సినిమోళ్లకు కిరాయికిస్తనని ఫిలింనగర్ ఎనకగల్లీల ఒక రేకుల షెడ్డు తీసుకున్నది.

ఇగ ఆదివారం వస్తె ఎర్రగడ్డ అంగడికి పోవుడు, ఎవరన్న ఇల్లు ఖాళీ చేస్తున్నరంటె ఆడికి పోవుడు. మాసిన బొంతలు, సొట్టపోయిన గిన్నెలు, చెయ్యి ఇరిగిన కుర్చీలు. అందరు మంచిది ఏరుకుంటె ఈమె అరిగింది ఏరుకుంటది. ఒక ఇంటి సామానును ఇంకో ఇంటి సామానుల కలవనియ్యది. ఒక్కో ఇల్లు ఒక్కో మూలకు. ‘నేను గిన్నెలు కాదు, ఇండ్లు కిరాయికిస్తున్న’ అంటుండె. షేక్‌పేటల మా గల్లీ ఆడోళ్లు, పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చెటామె వచ్చిందని ఎక్కిరిచ్చెటోళ్లు. మా అమ్మకు తలకొట్టేసినట్టయితుండె. మంది పారేసిన సామాను తెచ్చుకుంటె దరిద్రం పట్టదా అని ఆమె బాధ. ఆ షెడ్డు గడప తొక్కలే. కోడలితోటి మాట గూడ తక్కువ చేసింది.

మా అన్న మెత్తటోడు. తల్లికి చెప్పలేడు, పెండ్లానికి చెప్పలేడు. ఆఖరికి ఒక మాట అన్నడు. దసరా దాక చూద్దం, పెద్ద ఆర్డరు రాకపోతె షెడ్డు ఖాళీ చేసి మళ్ల కొలువుకు పోవాలె. వదిన సరే అన్నది. పండుగ దగ్గరికొచ్చినంక నిజంగనె ఒక ఆర్ట్ డైరెక్టర్ వచ్చిండు, కోస్తా ఆయన. వాళ్ల కథంత ఒక ముసలమ్మ వంటింట్లనే నడుస్తదట. షెడ్డంత తిరిగి ఒక మూల ముంగట ఆగిండు. కట్టెలపొయ్యి మీద ఏండ్లకేండ్లు వండిన గిన్నెలవి, మసి పెంకు గట్టి ఉన్నది. వేలితోటి గీకి చూసిండు. ‘రంగు పూస్తే ఇది రాదండీ. పండగ మర్నాడు బండి తీసుకుని నేనే వస్తాను’ అన్నడు. వదిన మిఠాయి డబ్బ తెచ్చింది. అమ్మ గూడ ఒక ముక్క నోట్లేసుకున్నది.

దసరాకు మాతాన పనిముట్లకు పూజ చేస్తరు. షెడ్డుల గూడ చెయ్యాలని అమ్మకు తనంతట తనకే బుద్ధి పుట్టింది. కోడలికి చెప్పకుండ, అన్న దగ్గర తాళంచెవి తీసుకొని, గల్లీల ఇద్దరు ఆడోళ్లను ఎంటవెట్టుకొని పొద్దుగాల్నె పోయింది. పూలు, కొబ్బరికాయలు పట్టుకొని మేము పోయేసరికి ఆ మూలకున్న గిన్నెలన్ని ఆకిట్ల ఎండకు బోర్లిచ్చి ఉన్నయి. చింతపండు, ఇటుకపొడి వేసి తోమిన్రు. ఒక్కొక్కదానికి పసుపు కుంకుమ పెట్టిన్రు. ఇసుమంత మసి గూడ లేదు. అమ్మ చేతులు కందిపోయి ఉన్నయి. ‘లచ్చిమి రావాలంటె ఇల్లు తేటగ ఉండాలె బిడ్డా’ అని కోడల్ని చూసి నవ్వింది. షెడ్డు పెట్టినంక ఆమె కోడలితోటి నవ్వి మాట్లాడుడు అదే మొదలు.

నేను నోరు తెరవబోయిన. వదిన నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ‘మంచిగ చేసినవ్ అత్తమ్మా’ అన్నది. కొబ్బరికాయ కొట్టి, అత్త కాళ్లు మొక్కింది. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్తకుండ అని ఊకెనే అనలే పెద్దలు. గదే పని కోడలు చేసుంటె మా అమ్మ గల్లీ అంత చాటిచ్చెటిది.

తెల్లారి ఆర్ట్ డైరెక్టర్ వచ్చి గిన్నెలు చూసి నిలవడిపోయిండు. ‘ఏంటండీ ఇది, పెళ్లివారి వంటిల్లులా ఉంది’ అన్నడు. ‘పండుగకు తోమినం సార్, మా తప్పే’ అన్నది వదిన. ఎవరు తోమిన్రో చెప్పలే. ఆయన మంచోడే, కోపం చెయ్యలే. కని సామాను ఆయనకు ఆ పొద్దే కావాలె. వేరే కాడ తీసుకుంటనని పోయిండు. నెలాఖరుకు ఖాళీ చేద్దమని అన్న అన్నడు. వదిన ఏడ్వలే, ఎవర్ని ఒక మాట అనలే. అరికాలి మంట నెత్తికెక్కింది నాకే.

‘సినిమోళ్లు గిన్నెలు కొంచవోయిన్రా’ అని అమ్మ ఊకె అడుగుతుండె. ‘వస్తరు అత్తమ్మా’ అని వదిన దాటేస్తుండె. ఒకనాడు నేనే ఉన్నదున్నట్టు చెప్పేసిన. ఎందుకు చెప్పినవని వదిన నా మీద కస్సుమన్నది. అననీ, నాకు ఇప్పటికీ దాని ఫికర్ లేదు. మా అమ్మ చిన్నపిల్ల కాదు.

అమ్మ ఆ పొద్దంత ఏం తినలే. మరునాడు కట్టెలు మూటగట్టి ఆటోలేసుకొని ఫిలింనగర్ పోయింది. షెడ్డు ముంగట మూడు రాళ్లు పెట్టి, ఆ గిన్నెలల్లనే వంటకు దిగింది. ‘నేనే తోమిన, నేనే నల్లగ చేస్త’ అన్నది. కండ్లల్ల నీళ్లు. పొగ ఇంక లేవనే లేదు.

ఇంకెవరన్న అయితె ‘పోతె పోయింది, ఊకో అత్తమ్మా’ అని ఓదారుస్తరు. నేను గదే చెయ్యబోయిన. వదిన ఓదార్చలే. కొంగు నడుముకు చెక్కుకొని పక్కన కూసున్నది, పని చెప్పింది. ‘మంట పెద్దగ పెట్టు. పప్పు పొంగితె పొంగనీయి, తుడువకు.’ తుడువకుండ ఉండుడు మా అమ్మకు ఎంత కష్టమో నాకు తెల్సు. చెయ్యి ఊకె బట్ట దిక్కు పోతుండె. వదిన ఆ చేతి మీద మెల్లగ ఒక్కటేస్తుండె. పక్క షెడ్లల్ల పెయింటర్లు, లైట్లోళ్లు వాసనకు వచ్చి కూసోని తిని పోతుండె. ఇగ రోజు గదే పని. చెడగొట్టిన మనిషిని మంది తిడ్తరు, లేకుంటె మాఫ్ చేస్తరు. మా వదిన గా రెండూ చెయ్యలే, పనిల పెట్టుకున్నది. గీ తెలివి ఏ కాలేజీల నేర్పుతరో నాకు తెల్వది.

నెలాఖరు వచ్చింది. ఆర్డరు ఒక్కటి రాలే. అన్న ట్రాలీ ఆటో తీసుకొని వచ్చిండు. వదిన ఎదురుచెప్పలే, ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే. లోపలికి పోయి కుర్చీలు బయటికి తెచ్చుడు మొదలువెట్టింది. అమ్మ పొయ్యి కాడ్నుంచి లేవలే.

‘అమ్మా, ఆ గిన్నె దించు, పోదం’ అన్నడు అన్న.

‘ఇంక కాలే.’

‘అన్నం ఉడికినట్టే ఉన్నది గదనే.’

‘అన్నం ఉడికింది. గిన్నె కాలే.’

‘మరి ఎప్పుడైతదే?’

‘ఏండ్లు పడ్తది’ అన్నది అమ్మ, ఇంకో కట్టె లోపలికి నూకుకుంట. ‘నువ్వు కొలువుకు పో బిడ్డా. అత్తాకోడండ్లం, మాకు పనున్నది.’

అన్న ట్రాలీ ఆటో ఆయన్ను తిరిగి పొమ్మన్నడు. ఆర్డరు పోయిన్నాడు గూడ ఏడ్వని మా వదిన, చేతిల కుర్చీ ఆడనే దించి, దాంట్లనే కూలవడి ఏడ్సింది.