కొర్రమట్టకు పురుడు

మా వరంగల్ వాడకు చేపలు తెచ్చే అవ్వ మొన్న మంగళవారం పోయింది. ఖాళీ గంపతో మా గడప ముందు నిలబడి ఆమె కోడలు ఆ కబురు చెప్పింది.

అవ్వ ఇరవై ఏళ్లు ఆకేరు వాగు చేపలు తెచ్చింది. ఏ వారం ఏ చేప వండానో రాసుకోవడం నా అలవాటు. యుద్ధం వల్ల గ్యాసునూనె కూడా దొరకని ఏడాది ఆ పుస్తకం తిరగేశాను. మిరుగు, అంటే మృగశిర కార్తె, వెళ్లి వాగు పారాక, ఏటా నెలన్నర పాటు కొర్రమట్ట చేప ఊసే లేదు. మంచివన్నీ స్టేషను దిక్కు అమ్ముకుని మాకు చిన్న పరక చేపలు తెస్తోందనుకున్నాను.

అప్పుడే మా అమ్మాయి విషజ్వరం నుంచి తేరుకుంటోంది. కొర్రమట్ట పులుసు పెడితే సత్తువ వస్తుందని అందరూ అన్నారు. పుస్తకం తీసి అవ్వను నిలదీశాను.

"నాకు సదువొస్తదా బిడ్డా? ఏం రాసినవో నువ్వే చెప్పు."

చెప్పాను. ఆమె నవ్వింది. "సక్కగనే రాసినవ్. ఆ నెలన్నర కొర్రమట్టకు పురుడు."

మరునాడు మా బండి కట్టించి నన్ను వాగుకు తీసుకుపోయింది. మడుగు మీద ఎర్రటి కొర్రమట్ట పిల్లలు ఒకే ముద్దగా కదులుతున్నాయి. అవ్వ అందులో కర్ర పెట్టగానే తల్లి చేప కింది నుంచి వచ్చి ఆ కర్రను కొరికింది.

"గాలం వేస్తే ఇప్పుడే పడుతది కదా అవ్వా," అన్నాను.

"పడుతది. పిల్లల కోసం పైకొస్తది, గందుకే పడుతది. అది పోతే పొద్దుమీకే లోపల పిల్లలను కప్పలు, పాములు తింటయి. మళ్లచ్చే మిరుగుకు ఏం తింటవ్?"

"నా బిడ్డ ఇప్పుడు లేవాలె."

"లేస్తది. నేను లేపుత."

పన్నెండు రోజులు, వానలో కూడా, ముళ్లు తక్కువని జెల్ల చేపలు ఏరి తెచ్చింది. అమ్మాయి లేచి తిరిగింది. అనుమానించినందుకు నేను తప్పైందని అనలేదు. పుస్తకంలోని ఖాళీలన్నిటిలో "పురుడు" అని రాసి, ఆమెకు చదివి వినిపించాను. "ఇగ పక్కా అయింది," అంది.

నిన్న కొత్త చేపలాయన వచ్చాడు. వాగు పారి రెండు వారాలే అయింది, గంపలో కొర్రమట్ట ఉంది.

"తీసుకో అక్కా. గాలం వేసుడే ఆలస్యం, వచ్చి పట్టింది."

నేను తీసుకోలేదు. పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఈ నెలన్నర కొనవద్దని చెప్పాను. "చేపకు పురుడేందమ్మా," అని కొందరు నవ్వారు. వాళ్ల ఇళ్లకు రేపు మళ్లీ వెళ్తాను.

సాయంత్రం అవ్వ కోడలితో వాగుకు వెళ్లాను. మడుగు మీద ఎర్రటి ముద్ద ఒకటి కనిపించింది. దాని కింద తల్లి ఉందో లేదో తెలియలేదు. కోడలు అత్త కర్రను నీళ్లలోకి దింపింది. నేనూ ఒక చెయ్యి వేశాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ కర్ర మా ఇద్దరి చేతుల్లో గట్టిగా అదిరింది.