డిస్టిల్డ్ వాటర్‌తో ఉడికిన పప్పు

ఒక చిన్న అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మీకు చెప్పేస్తాను. వింటే నవ్వొస్తుంది, నవ్వండి. కానీ దానివల్ల ఒకమ్మాయి ఉద్యోగం పోయింది.

డెబ్బైల్లో చల్లపల్లి అవతల ఒక హైస్కూల్లో సైన్సు మేష్టారిని. ఆ ఊరి బావి నీళ్ళు ఉప్పన. ఎంతసేపు పొయ్యి మీదుంచినా కందిపప్పు ఉడికేది కాదు. నాకేమో పప్పు లేనిదే ముద్ద దిగదు. హనుమాన్ జంక్షన్‌లోని బ్యాటరీల కొట్టు నుంచి ల్యాబుకి తెప్పించే డిస్టిల్డ్ వాటర్ కాస్త కాస్తగా మా వంటింటికి చేరేది. పప్పు వెన్నలా ఉడికేది. ఆ రుచి ఇప్పటికీ మరిచిపోలేదు, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

సుగుణ కొత్త టీచరు. ఆమెని పర్మనెంటు చేయాలో వద్దో తేల్చడానికి ఇన్‌స్పెక్టరు గారు పాఠం చూడటానికి వచ్చారు. నీళ్ళలోకి కరెంటు పంపి, ఒక గొట్టంలో హైడ్రోజన్, ఇంకో గొట్టంలో ఆక్సిజన్ పట్టి చూపించాలి. నీళ్ళు నింపి పెట్టమని నన్నడిగింది. చూస్తే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఖాళీ. బావి నీళ్ళు పోశాను. ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. కాస్త ఉప్పేగా, ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. కరెంటు బాగా పారడానికి అందులో ఆమె కాస్త ఆసిడ్ కలిపింది.

హైడ్రోజన్ టప్పుమని అంటుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో గొట్టం దగ్గర నిప్పున్న పుల్ల భగ్గుమనాలి. అనలేదు. పైగా బ్లీచింగ్ పౌడర్ వాసన. ఉప్పులోంచి వచ్చిన క్లోరిన్ అది. ఇన్‌స్పెక్టరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

“నీళ్ళు మంచివేనాండీ, మేష్టారూ?” అంది సుగుణ భయంగా.

“నీళ్ళకేమమ్మా, బ్రహ్మాండంగా ఉన్నాయి. నువ్వే ఆసిడ్ ఎక్కువ పోసుంటావు.”

నమ్మింది. “తప్పు నాదేనండీ” అని ఇన్‌స్పెక్టరు గారితో చెప్పేసింది. ఉద్యోగం నిలవలేదు.

తర్వాత మైలవరంలో ఓ ప్రైవేటు స్కూల్లో చేరి మంచి పేరు తెచ్చుకుంది. నేనూ హాయిగానే బతికాను, ఇప్పటికీ హాయిగానే ఉన్నాను. ఆ అమ్మాయికి చివరికి మేలే జరిగిందిగా అని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకుని నిద్రపోయాను. ఆ మాట అనడానికి నేనెవర్ని?

మొన్న బస్సులో ఆమె దగ్గర చదువుకున్నాయన కలిశాడు. ఆవిడ ఏటా పిల్లలకి చెప్పేదట: “ఆసిడ్ కొలిచి పోయండర్రా. నేనోసారి తొందరపడి ఉద్యోగం పోగొట్టుకున్నా.”

మైలవరం వెళ్ళి ఆమెకే చెప్పాలి. వెళ్తాను. ముందు మీతో చెప్పి చూసుకుంటున్నాను. క్షమించమని అడగడం లేదు, చెబుతుంటేనే ప్రాణం తేలికపడుతోంది. సుగుణ తొందరపడలేదండీ. కొలిచే పోసింది. నేను పక్కనే నిలబడి చూశాను.